కరెంటు చలివేంద్రం

ఇంట్లో ఫ్యాన్ ఉన్నట్టుండి జోరందుకుంటే మీరు సంతోషపడతారు. అమ్మయ్య, ఓల్టేజీ వచ్చింది అనుకుంటారు. నేను మాత్రం చేతిలో పళ్లెం ఉన్నా సరే కింద పెట్టి మెయిన్ దగ్గరికి పరుగెత్తుతాను. "రిటైరయినా నీ డ్యూటీ ఒడవదా?" అని మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి. తాండూరులో ఒక మధ్యాహ్నం నా కళ్ల ముందే ఒక ఫ్యాన్ అలా జోరందుకుంది. ఆ క్షణంలో ఒక మనిషి చెయ్యి, తడిగుడ్డతో సహా, చావుకు బెత్తెడు దూరంలో ఉంది. కరెంటు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ, కరెంటు బండ్లు కొని ఊళ్లు తిరుగుతున్నవాళ్లకూ ఆ సంగతి చెప్పాలని కూర్చున్నాను.

నేను స్తంభాలెక్కే హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయినవాణ్ని. నాకు నోరు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. సెక్షన్‌లో కుర్రాళ్లు నా చాటున నన్ను ట్రాన్స్‌ఫార్మర్ అని పిలిచేవాళ్లు. నాకు తెలుసు. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

సర్వీసులో అది నాకు చివరి వేసవి. పట్నం నుంచి అనంతగిరి గుట్టలు చూడటానికి వచ్చే జనం కరెంటు కార్లలో రావడం మొదలైంది. వచ్చి, తిప్పలు పడి, మా ఆఫీసుకు ఫోన్లు చేసేవాళ్లు. ఫోన్లో ఛార్జింగ్ ఉందని చూపిస్తోంది, వచ్చి చూస్తే ఏమీ లేదు, ఇప్పుడు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోవాలి అని గోల. అప్పుడే మా ఆఫీసుకు బదిలీ మీద ఒక ఏఈ మేడం, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి, తనకే ఒక కరెంటు కారు ఉంది. నన్ను కాకా అని పిలిచేది.

"కాకా, వికారాబాద్ నుంచి తాండూరు దాంక ఫోన్ల కనబడే ప్రతి జాగకు పోదాం. ఆడ నిజంగ ఏమున్నదో చూసి జనానికి సమజయ్యేటట్టు రాసి పెడదాం. నా బండి మీదనే పోదాం" అంది.

"నన్నెందుకు మేడం, కంప్యూటర్లు తెల్సిన పిల్లలున్నరు గదా?"

"మీకు ఊర్లన్ని ఎరుక. పైంగ మీరు మొత్తుకుంటె గేట్లు తెరుస్తరు."

ఆ మాట నిజమే కాబట్టి వెళ్లాను.

దారిలో మేడం నాకు ఈ ఛార్జింగుల సంగతి చెప్పింది. స్కూటర్లకు పెట్టే చిన్న సాకెట్టు వేరు, కార్లకు ఇంట్లో పెట్టుకునేది వేరు, గంటలోపే నింపేసే లావు గన్ను వేరు. ఫోన్లో మాత్రం అన్నింటికీ ఒకటే పచ్చ గుర్తు. అందుకే జనం మోసపోతున్నారు. ఎవరూ ఒక మాట అడగరు: ఇక్కడ నా బండికి సరిపోయే ముక్కు ఉందా, ఉంటే ఎంతసేపు పడుతుంది?

"మా ఇంట్ల గూడ మొదట్ల ఎర్ర లైటే వచ్చేది కాకా. మా ఆయన ఎవరినో పిలిపిచ్చి బాగ చేపిచ్చిండు. గప్పట్సంది ఒక్క దినం గూడ సతాయించలె" అంది, గేరు లేని ఆ బండిని ఒంటి చేత్తో నడుపుతూ. నేను కిటికీలోంచి లైన్లు చూస్తూ కూర్చున్నాను, అది నా అలవాటు.

మొదటి పచ్చ గుర్తు బస్టాండు వెనక ఉంది. పోయి చూస్తే సెల్‌ఫోన్ల దుకాణం. "ఛార్జింగే గద సార్, సన్న పిన్నా లావు పిన్నా?" అని అడిగాడు దుకాణదారుడు. రెండోది ఒక ఫంక్షన్ హాలు. నేను మొత్తుకున్నాక వాచ్‌మన్ గేటు తీసి, "పెండ్లిలున్నప్పుడే కరెంటిస్తం సార్, ఉత్తప్పుడు మోటర్ గూడ ఎయ్యం" అన్నాడు. ధారూర్ దారిలో మూడోది పంచర్ షాపు. అక్కడ మోమిన్‌పేట్ నుంచి వచ్చిన ఒక మాస్టారు స్కూటర్ సాకెట్టుకు కారు తగిలించి, పొద్దుట్నుంచి చెట్టు నీడకు కూర్చున్నాడు. ఎంత నిండిందో చూసి మేడం నవ్వాపుకోలేక అటు తిరిగింది. "పొద్దుగూకే వరకన్న తాండూరు పోతనా మేడం?" అని ఆయన అమాయకంగా అడిగాడు. ఇంత లోకువా జనమంటే అని నాకు మండిపోయింది.

ఇక ఆ దారి మొత్తంలో అయిదు స్టార్లు ఉన్న చోటు ఒక్కటే. తాండూరు ఊరి చివర, బండలు పాలిష్ పట్టే ఒక యార్డు. దాని కింద జనం రాసిన మెచ్చుకోళ్లు మేడం చదివి వినిపించింది. ఉచితంగా ఛార్జింగ్ ఇస్తారు, కూర్చోబెట్టి చాయ్ పోస్తారు, కారు కడిగి మరీ పంపిస్తారు, ఇలాంటి మనుషులు ఈ కాలంలో ఉన్నారా అని. ఒకాయన మాత్రం చివర్న ఇలా రాశాడు: డోర్ పట్టుకుంటే కొంచెం జివ్వుమంది, అయినా సర్వీసు సూపర్.

"జివ్వుమనుడేంది?" అన్నాను.

"ఎండకు గట్లయితది కాకా" అంది మేడం. ఆమె బండిలో కూడా ఛార్జింగ్ అడుగంటింది. ఆ యార్డు మీద ఆశ పెట్టుకునే వచ్చాం.

యార్డు గేటు పక్కన తడికెల పందిరి, దాని కింద నీళ్ల కుండలు, పక్కనే గోడకు ఛార్జర్ పెట్టె. పైన దండ వేసిన ఒక పెద్దాయన ఫోటో. మమ్మల్ని చూడగానే సేటు ఎదురొచ్చాడు. వ్యాపారపు ఇంట్లో పుట్టిన మనిషి, మాట మెత్తన.

"మా నాయిన పేరు మీద ప్రతి ఎండకాలం చలివేంద్రం పెడ్తం సార్. గిప్పుడు దూపయితున్నది మనుషులకేనా? బండ్లకు గూడ అయితున్నది. గందుకే గిది పెట్టిన. కరెంటు చలివేంద్రం" అని చేతులు జోడించాడు. ఆ మాటకు నా కోపం మొత్తం చల్లారిపోయింది. పొద్దుట్నుంచి చూసిన మోసాల మధ్య ఈ మనిషి దేవుడిలా కనబడ్డాడు. అబద్ధమెందుకు, ఆ ఫోటోకు నేను కూడా దండం పెట్టాను.

మేడం గన్ను తగిలించింది. పచ్చ లైటు వెలిగింది. సేటు కేకేస్తే పాలిష్ మిషన్ల వైపు నుంచి ఒకామె బకెట్టూ గుడ్డా పట్టుకుని వచ్చింది. బషీరాబాద్ దిక్కు మనిషి. బండలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డాయి. కాళ్లకు చెప్పుల్లేవు. పాలిష్ యార్డు నేల ఎప్పుడూ నీళ్లూ బూడిదరంగు బురదే కదా, చెప్పులు ఎలా నిలుస్తాయి? మా బండి మీద నీళ్లు చల్లి కడగడం మొదలుపెట్టింది. "గిది మస్తు మెత్తటి బండి మేడమ్మా" అని మురిసింది కూడా.

మేము రేకుల ఆఫీసు గదిలో చాయ్ తాగుతున్నాం. పైన ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఎండకాలం, అన్ని మిషన్లూ నడుస్తున్నాయి, ఓల్టేజీ అంతే ఉంటుంది. అప్పుడు నా బుర్రలో ఒక పురుగు తొలవడం మొదలైంది. తాండూరులో ఎక్కడ తవ్వినా జానెడు లోతులో బండే. ఈ నేలలో ఎర్తింగ్ కోసం నేను సర్వీసంతా తన్నుకున్నాను. బొగ్గు వేశాం, ఉప్పు వేశాం, రోజూ నీళ్లు పోశాం, అయినా సరిగా పట్టేది కాదు. ఇక్కడ ఇంత హాయిగా పచ్చ లైటు ఎలా వెలుగుతోంది?

కాస్త ఓపిక పట్టండి, ఇదొక్కటి తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. కరెంటు వచ్చే తీగ ఒకటి, తిరిగి పోయే తీగ ఒకటి. తిరిగి పోయేదాన్ని న్యూట్రల్ అంటాం. ఇవి రెండూ కాక మూడోది ఎర్త్. ఎక్కడైనా తప్పు జరిగి కరెంటు బండి ఒంట్లోకి దిగితే, దాన్ని మనిషి మీదికి రానివ్వకుండా భూమిలోకి దించే తీగ అది. కరెంటు కారు ఈ విషయంలో మహా మొండిది. ఎర్త్ సరిగా లేకపోతే ఎర్ర లైటు వేసి, నేను తాగను పో అంటుంది. తాండూరు నేలలో అది ఎర్ర లైటు వేయాలి. వేయడం లేదు.

"సేటూ, ఎర్తింగ్ గుంత ఏడున్నది?" అని అడిగాను.

"గుంత ఏంది సార్? మొదట్ల ఎర్ర లైటే వస్తుండె. మన ఎలక్ట్రీషియన్ వచ్చి అయిదు నిమిషాల్ల సెట్ చేసిండు" అని సేటు నవ్వాడు.

నా నోట్లో చాయ్ ఆగిపోయింది. అయిదు నిమిషాలా! సరిగ్గా అప్పుడే తలమీద ఫ్యాన్ చప్పుడు మారింది. ఈడ్చుకుంటున్న ఫ్యాన్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ట్యూబ్‌లైటు కళ్లు జిగేలుమనేంత వెలిగింది. "వచ్చె వచ్చె, ఓల్టేజీ వచ్చె" అన్నాడు సేటు సంబరంగా.

అది ఓల్టేజీ రావడం కాదు. ఎక్కడో స్తంభం మీద న్యూట్రల్ తెగింది. అది తెగితే కరెంటుకు తిరిగి పోయే దారి ఉండదు, కొన్ని తీగల్లో రంకెలేస్తుంది. ఆ రంకెకే ఫ్యాన్ ఎగిరింది. ఆ వచ్చిన ఎలక్ట్రీషియన్ అయిదు నిమిషాల్లో చేయగలిగిన పని ఈ భూమ్మీద ఒక్కటే: భూమిలోకి పోవాల్సిన తీగను తెచ్చి న్యూట్రల్‌కు ముడేయడం. బండి దాన్నే ఎర్త్ అనుకుని పచ్చ లైటు వేస్తుంది. అదే చేసి ఉంటే, ఇప్పుడు తిరిగి పోలేని కరెంటంతా ఎక్కడుంటుంది? బండి ఒంటి మీద ఉంటుంది.

కిటికీలోంచి చూశాను. ఆమె గుడ్డను బకెట్లో ముంచి పిండి, వంగి, బానెట్ మీదికి చెయ్యి చాపుతోంది. తడి నేల, తడి గుడ్డ, ఉత్త కాళ్లు.

"ముట్టకు! బండిని ముట్టకు!" అని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

ఆమె చెయ్యి టక్కున వెనక్కి పోయింది. ఎందుకు, ఏమిటి అని చూడలేదు. రెండడుగులు వెనక్కి వేసి, తల దించుకుని నిలబడింది.

"మేడం, మెయిన్ దించుండ్రి!" అంటూ నేను బయటికి ఉరికాను. రబ్బరు బూట్ల మీద నమ్మకంతో, జేబులో ఎప్పుడూ ఉండే టెస్టర్ తీసి బండి తలుపుకు ఆనించాను. టెస్టర్ భగ్గున వెలిగింది. స్తంభం మీద తీగకు పెడితే ఎలా వెలుగుతుందో అలా. గదిలో మేడం మెయిన్ దించగానే అది ఆరిపోయింది. పాలిష్ మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. యార్డంతా ఎంత నిశ్శబ్దమైందంటే బకెట్లోకి గుడ్డలోంచి నీటిచుక్కలు పడటం వినబడింది.

"ఏనాయ్తు రీ?" అని ఆమె కన్నడంలో గొణిగింది. ఏమైందయ్యా అని. అప్పుడు చూశాను ఆమె ముఖం. భయం లేదు అందులో. చిన్నబోయి ఉంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. "చెల్లె, బండిల కరెంటున్నది. ముట్టుకుంటె సచ్చిపోతుంటివి. గందుకే మొత్తుకున్న" అన్నాను.

ఆమె టెస్టర్ వైపు, బండి వైపు, నా వైపు చూసింది. "గట్లనా సారు? నేను ఇంకోటనుకున్న" అంది. "ముట్టకు అంటె ఎన్కకు పోవుడు సిన్నప్పట్సంది అలవాటే గదా. ఎందుకని అడుగుడు రాదు మాకు." తరువాత తనలో తను అనుకున్నట్టు, "ఇన్ని దినాలు చేతికి చీమలు పారినట్టు జివ్వు జివ్వుమంటుండె. కొత్త బండ్లు గట్లనే ఉంటయేమో అనుకున్న" అంది.

ఊళ్లు ఆమెకు నేర్పిన ఆ అన్యాయపు అలవాటు ఆ రోజు ఆమె ప్రాణం కాపాడింది. ఎందుకు అని ఒక్క మాట అడగడానికి ఆగి ఉంటే చెయ్యి బానెట్ మీద పడి ఉండేది. దీన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సంతోషించాలా, సిగ్గుతో చావాలా? చెప్పండి.

ఛార్జర్ పెట్టె పక్కనున్న స్విచ్ డబ్బా విప్పాను. అనుకున్నదే ఉంది. బెత్తెడు తీగ ముక్క, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు, ఎంతో నీటుగా బిగించి ఉంది. పైన టేపు కూడా చుట్టాడు మహానుభావుడు. సేటు దాన్ని చూసి, తండ్రి ఫోటో చూసి, చలివేంద్రం గట్టు మీద కూలబడ్డాడు. "మా నాయిన పేరు మీద ఒకరి పానం తీస్తుంటినా సార్" అని పెద్ద మనిషి చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. అతన్ని తిట్టాలని నోరు తెరిచినవాణ్ని మూసుకున్నాను. మంచితనం కూడా ఇలా మనుషుల్ని చంపగలదని నాకు ఆ రోజే తెలిసింది.

కానీ ఎలక్ట్రీషియన్‌ను వదిలేది లేదనుకున్నాను. సేటు ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. నడి వయసు మనిషి, వికారాబాద్, తాండూరు రెండు దిక్కులా పనులు పడతాడు. నేను తీగ ముక్క ముఖం ముందు పెట్టి తిట్టాల్సినవన్నీ తిట్టాను. వాడు బెదరలేదు. తప్పు చేసినవాడి ముఖమే కాదది.

"గింత గరమెందుకయితున్నరు సార్? ఎర్ర లైటు పడ్తె అందరు నాకే ఫోన్ చేస్తరు. కంపెనీ పోరగాండ్లు గుంత తవ్వాలె, రాగి పట్టి ఎయ్యాలె అని పరేషాన్ చేస్తరు. నేను చిటికెల చేస్త. ఒక్కరన్న ఫిర్యాదు చేసిండ్రా ఇప్పటిదాంక?" అని ఎదురు అడిగాడు. అంతలో అతని చూపు మా బండి మీద పడింది. ముఖం వెలిగిపోయింది.

"అరె, గీ బండి నాకెరుకే! మేడం, మీది వికారాబాదే గదా? రైల్వే గేటు అవుతల ఇల్లు. మీరు ఆఫీసుల ఉన్నప్పుడు మీ సారు పిలిస్తె నేనే వచ్చి చేసిన. అడుగుండ్రి కావాల్నంటె, గప్పట్సంది ఒక్కసారన్న సతాయించిందా?"

నేను మేడం వైపు చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆమె రంగు పాలిపోయింది. వెనకున్న బండల దొంతి మీద మెల్లగా కూర్చుంది. కాసేపు తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది.

"ప్రతి ఆదివారం ఛార్జింగ్ పెట్టి కడుగుతం కాకా" అంది చివరికి. "నేను గుడ్డ పడ్త. నా బిడ్డ పైపు పడ్తది."

అప్పటిదాకా వాదిస్తున్న ఎలక్ట్రీషియన్ ఆ మాటకు ఆగిపోయాడు.  నా చేతిలోని తీగ ముక్కను మొట్టమొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఇంకా శానా ఇండ్లల్ల చేసిన సార్" అన్నాడు. ఆ రోజు నుంచి మేము ఆ ఇళ్లన్నీ తిరిగాం, అతన్ని వెంటేసుకుని. చాలా చోట్ల జనం మమ్మల్నే తిట్టారు, నడుస్తున్నదాన్ని చెడగొట్టారని. అది వేరే కథ. సేటు మాత్రం యార్డు వెనక వాగు ఒడ్డున మన్నున్న చోట గుంత తీయించి అక్కడి నుంచి రాగి పట్టీ లాగించేదాకా తన ఛార్జర్ మీద గోనెపట్టా కప్పి ఉంచాడు. ఇప్పుడు ఆ గుంతలో రోజూ నీళ్లు పోసేది బండ్లు కడిగే ఆమే. పోశాక వచ్చి, టెస్టర్ పెట్టి చూసుకుని మరీ బండి మీద చెయ్యి వేస్తుంది. ఆ టెస్టర్ నాదే, ఇచ్చేశాను.

బండిని యార్డులోనే వదిలేసి ఆ సాయంత్రం ఇద్దరం రైల్లో వికారాబాద్ వచ్చాం.  ధారూర్ స్టేషన్‌లో ఇంటి నుంచి ఫోన్ వస్తే మేడం తీసి, "వస్తున్న బిడ్డా, వాకిట్ల స్విచ్‌బోర్డు దగ్గరికి పోకు" అని చెప్పింది.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. బండి నిలిపే చోట గోడకు సాకెట్టు డబ్బా. నేను మెయిన్ దించి, డబ్బా విప్పాను. అదే తీగ. అంతే పొడుగు, అదే టేపు, అంతే నీటుగా. కట్టర్‌తో కోసి జేబులో వేసుకున్నాను. వెనక నుంచి, "తాతా, ఏం తీస్తున్నవ్?" అని వినబడింది.

తిరిగి చూస్తే ఏడెనిమిదేళ్ల పిల్ల, చేతిలో పైపు, మొక్కలకు నీళ్లు పెడుతోంది. వాకిలంతా తడి. కాళ్లకు చెప్పుల్లేవు.

"అమ్మా, కారేది? ఆదివారం కడుగుదమా?" అని అడిగింది.

మేడం బ్యాగు కింద పడేసి, ఆ తడి నేల మీదే మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల కాళ్లను చున్నీతో తుడవడం మొదలుపెట్టింది. అక్కడ బండి లేదు, మెయిన్ దించి ఉంది, ఆ తీగ నా జేబులో ఉంది. ఏ ప్రమాదమూ లేదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. "చక్కిలిగిలైతున్నదమ్మా" అని పిల్ల నవ్వుతున్నా, కాళ్లు ఆరిపోయినా, ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది.